తొడిమ లేని విస్తర్లు

మా బడిలో ఎనిమిదో తరగతిలో నాకంటే ఎక్కువ కాలం ఉన్నది ఒక్క నల్లబల్లే. దాని మీదైనా రోజూ ఏదో ఒకటి రాసేవాళ్లు, నా బుర్ర మీద అదీ లేదు. మూడో ఏడు కూడా నేను అదే బెంచీ మీద కనబడేసరికి లెక్కల సారు సుద్దముక్క కింద పెట్టి, "సాయిలూ, నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" అని అడిగాడు. ఆయన పెళ్లాం పిల్లలు గల మనిషి, నౌకరి మీద బతికేవాడు. పోనీ పాపమని నేనే లేచి వచ్చేశాను.

ఈ ముచ్చటను బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో, వడ్డించే బంతుల మధ్య నిలబడి, చేతిలో గరిటెతో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వారు. నవ్వినవాళ్ల ముఖాలు ఒక్కటీ గుర్తులేవు. నవ్వకుండా అన్నం కలుపుకున్నవాళ్లు మాత్రం, ఎవరు ఏ బంతిలో ఎక్కడ కూర్చున్నారో, ఏ రంగు అంగీ తొడుక్కున్నారో కూడా చెప్పగలను. రెండు వందల మంది నవ్వుతుంటే నా కళ్లు ఆ ఒక్క నవ్వని నోటి దగ్గరికే పోతాయి. వాడికి పన్ను నొప్పేమో, ఇంట్లో గొడవేమో, నాకేం తెలుసు? కానీ ఆ పూటంతా వాడి నోరే నా కళ్ల ముందు తిరుగుతుంది. వంటవాడిగా పేరు తెచ్చుకున్న ఇన్నేళ్లకు కూడా ఈ రోగం తగ్గలేదు. పైగా ఈ మధ్య ముదిరింది.

ముదిరించింది మా బిడ్డ స్వరూప. మహమ్మద్ నగర్‌లో ఆఫీసు నౌకరి చేస్తుంది. పోయిన ఎండాకాలం నా వంటల పేరు మీద ఫోనులో ఒక పేజీ పెట్టింది. తిన్నవాళ్లు అందులో చుక్కలు ఇస్తారట, అయిదుకు ఇన్ని అని. మొదట్లో అందరూ అయిదేసి ఇచ్చారు. నేను ఉత్తరం వచ్చినవాడిలా రోజుకు పదిసార్లు తెరిచి చూసుకునేవాణ్ని. ఒకనాడు ఎవరో రెండు చుక్కలు ఇచ్చారు. ఒక్క మాట రాయలేదు. ఫోటో ఉండాల్సిన చోట పూవు బొమ్మ ఉంది. ఆ పూవు ఏ ఊరిదో, ఏ లగ్గంలో తిన్నదో తెలుసుకోవాలని వారం రోజులు తిప్పలు పడ్డాను.

"బాపూ, గంతమంది అయిదు ఇచ్చిండ్రు. ఒక్కడు రెండిస్తే ఏమైతది?" అంది స్వరూప.

"ఒక్కటే ఇస్తే మనకు పగోడు అనుకుంటం బిడ్డా. రెండిచ్చిండంటే ఆలోచన జేసి ఇచ్చిండు."

"నీకు చుక్కలు గాదు, దవాఖాన గావాలె," అని ఫోను గుంజుకుంది.

ఆ చుక్కల ఫికర్‌లో ఉండగానే పోశవ్వ అత్త దగ్గర నుంచి కబురొచ్చింది. గంగారాం మామ పోయాడు. ఆయన నాకు వంట నేర్పిన మేస్త్రీ. చుట్టరికం ఏమీ లేదు, వరుస కలుపుకుని మామ అనేవాణ్ని, ఆయన భార్య పోశవ్వను అత్త అనేవాణ్ని. మట్టి చేసి వచ్చిన మర్నాడు అత్త నన్ను పిలిచి, "అల్లుడా, మీ మామ దినాలకు వంట నువ్వే జెయ్యాలె," అంది. సరేనన్నాను. బయటికొచ్చి బండి తీసి, ఎక్కకుండా తోసుకుంటూ వీధి చివరిదాకా నడిచాను. అయిదు వేలమందికి వండినవాణ్ని. పోయిన మనిషి పేరు మీద రెండు వందల మందికి వండాలంటే, పందొమ్మిదేళ్ల వయసులో బీర్కూర్‌లో పొయ్యి ముందు నిలబడ్డప్పుడు పట్టిన భయమే మళ్లీ పట్టింది.

గంగారాం మామ ఇల్లు వంటింటికి గోడలు కట్టినట్టు ఉండేది. ముందు వసారాలో వెయ్యిమందికి సరిపడే గంగాళాలు బోర్లించి ఉండేవి. వాటి మీద కోళ్లు ఎక్కి కూర్చునేవి. వెనక పెరట్లో పోశవ్వ అత్త చింతపండు పులుసూ బూడిదా కలిపి వాటిని తోమేది. ఆమె మోచేతుల దాకా ఆ పులుపు వాసన వచ్చేది, పండగనాడు కొత్త చీర కట్టినా పోయేది కాదు. పొద్దున నేను వెళ్లేసరికి పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేరువేరుగా వేయించి పెట్టి ఉండేది. ఆ మూడు వాసనలూ ఒక్కోటిగా గుమ్మం దాటి, వీధి మలుపు దగ్గర కలిసి నాకు ఎదురొచ్చేవి. మసాలా పాళ్లు చూసి కలిపేది ఆమె. ఆ గుట్టు మామకు కూడా పూర్తిగా తెలియదని నా అనుమానం. కానీ పేరు ఆయనది. వంట బాగుందని ఎవరన్నా ఇంటికొచ్చి చెబితే ఆయన మీసం దువ్వుకునేవాడు, ఆమె గంగాళం తోముకునేది.

మామ వంట రోజున ఆకు వక్క ముట్టడు, బీడీ కాల్చడు. వేపపుల్లతో పళ్లు తోముకుని, నోరు పుక్కిలించి, ఇగ ఆ తర్వాత మంచినీళ్లే. కూర ఉడుకుతుంటే చెవి పెట్టి వినేవాడు. పప్పు ఉడికే చప్పుడూ, పప్పు అడుగంటబోయే ముందు చప్పుడూ వేరట. ఉప్పు మాత్రం నాలుక మీద వేసుకుని చూసేవాడు, అదీ ఒకేఒక్కసారి. నేను పక్కనుంచి మళ్లీ గరిటె ముంచబోతే నా మణికట్టు మీద కొట్టేవాడు.

"నాలుకను ఒక్కసారి అడిగితె నిజం జెప్తదిరా. పదిసార్లడిగితె నీకేం ఇనాల్నని ఉన్నదో గదే జెప్తది."

అన్నిటికంటే వింతైన అలవాటు భోజనాల తర్వాతిది. మిగతా మేస్త్రీలు బంతుల మధ్య తిరుగుతూ, "ఎట్లున్నది పటేలా? మంచిగున్నదా అక్కా?" అని అడిగేవాళ్లు. నోట్లో ముద్ద ఉన్నవాణ్ని అడిగితే ఏమంటాడు? మస్తున్నదంటాడు. మామ ఎవర్నీ అడిగేవాడు కాదు. భుజం మీద తువ్వాలుతో ముక్కు మూసుకుని, ఎంగిలి విస్తర్లు పడేసిన కుప్ప దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చునేవాడు. అప్పట్లో అన్నీ మోదుగాకు విస్తర్లే. ఒక పుల్లతో వాటిని ఒక్కొక్కటిగా తిరగేసి చూసేవాడు. ఊళ్లో కొత్తవాళ్లు ఆయనకు మతి చలించిందనుకునేవాళ్లు.

ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు.

"గీ ఆకు సూడు. కూర అట్లనే ఉన్నది, అన్నంల కలపలే. అంటే ఏంది?"

"నచ్చలే మామా."

"తప్పు. తిననే లేదు, నచ్చకుంట ఎట్లుంటది? కడుపు నిండినంక వడ్డించినవ్. తప్పు వడ్డనది. మరి గీ ఆకు?"

అందులో అన్నంలో కూర కలిపి, రెండు ముద్దలు తిని వదిలేశారు.

"గీన తిన్నడు, నచ్చలే," అన్నాను.

"గిప్పుడు చెప్పినవ్. మరి గిది?"

అది శుభ్రంగా ఉంది. కూర ఎక్కడా లేదు. ఇది మాత్రం నచ్చిందన్నాను ధైర్యంగా. మామ పుల్లతో ఆకు అంచు మడత విప్పాడు. కూరంతా ఆ మడత కింద ఉంది.

"దాచిపెట్టిండు," అన్నాడు మామ. "తినబుద్ధి గాలే. కానీ ఇంటాయన ఎదురుంగనే నిలవడ్డడు, ఆయన మనసు నొయ్యొద్దని మడత కింద దాచిండు. లేచేటప్పుడు మస్తున్నదని కూడ చెప్పి ఉంటడు. ఇగో, గీ మడతల కింది కూరనే మన అసలు పేరు."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. అప్పటిదాకా జనం మస్తున్నదంటే సంతోషంగా ఇంటికి వెళ్లేవాణ్ని. ఆ తర్వాత ఎవరు పొగిడినా వాడి ఆకు మడత విప్పి చూడాలనిపించేది. నా జోకులకు నవ్విన వాళ్లు కూడా నవ్వు కింద ఏమన్నా దాచారేమోనని చూసేవాణ్ని.

ఆ కాలంలోనే డోంగ్లి వైపు ఒక పెద్ద లగ్గం వంట మామకు కుదిరింది. ఆ లగ్గానికి మేస్త్రీగా నన్ను పంపాలని ఆయన మనసులో ఉన్నట్టు పోశవ్వ అత్త ద్వారా తెలిసింది. బడి నుంచి లేచి వచ్చినప్పటి నుంచి మా నాయిన నన్ను పేరుతో పిలవడం మానేశాడు. ఎవరన్నా అడిగితే "మా ఇంట్ల ఒక గరిటె ఉన్నది" అనేవాడు. డోంగ్లి దక్కితే నేను మేస్త్రీని, మా నాయిన నన్ను సాయిలు అనక తప్పదు. దక్కకపోతే ఎప్పటికీ ఉల్లిగడ్డలు కోసే గరిటెనే. అంతకంటే పెద్ద విషయం ఆ రోజుల్లో నాకు ఇంకోటి లేదు.

మామ నాకు ఒక పరీక్ష పెట్టాడు. బీర్కూర్‌లో ఒక పటేల్ కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేస్తున్నాడు, రెండు వందల మందికి భోజనం.

"పొయ్యి నీది, గరిటె నీది, పది మంది పనోళ్లు నీ మాట ఇంటరు. నేను మాపటి బస్సుకొస్త. ఆకులు నాయి. ఆకులు మంచిగ చెప్తే డోంగ్లి నీది," అన్నాడు.

నేను చేయాల్సింది గుత్తొంకాయ కూర, పప్పు, పచ్చిపులుసు, బూరెలు. పోశవ్వ అత్త మసాలా పొట్లం నా చేతిలో పెట్టి, "ఫికర్ జెయ్యకు, చెయ్యి నీదేగాని మసాల నాది," అంది. అయినా నేను ఫికర్ చేశాను. మామ పక్కన ఉంటే మణికట్టు మీద దెబ్బ పడుతుంది, ఆ రోజు కొట్టేవాడు లేడు. కూర ఉడకడం మొదలైనప్పటి నుంచి గరిటె ముంచి నాలుక మీద వేసుకోవడమే. మొదటిసారి చప్పగా ఉంది, కొంచెం ఉప్పు వేశాను. రెండోసారి బాగానే ఉందనిపించింది, కానీ నిజంగా బాగుందా, నాకు అట్లా అనిపిస్తుందా? మూడోసారి చూశాను. పదోసారికి నా నాలుక రంపపు పొట్టు నమిలినట్టు అయిపోయింది. ఉప్పూ తెలియలేదు, పులుపూ తెలియలేదు. తెలియలేదు కాబట్టి ఇంకో పిడికెడు వేశాను. ఎందుకైనా మంచిదని చివర్లో మరో చిటికెడు.

భోజనాలు మొదలయ్యాయి. మొదటి బంతిలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న ఒక పెద్దమనిషి ముఖంలో, రెప్ప కొట్టినంతసేపు, ఏదో కదిలింది. నాకది చాలు. వెంటనే నల్లబల్ల ముచ్చట ఎత్తుకున్నాను. జనం నవ్వారు. సారు నన్ను అడిగిన మాట చెప్పాను. ఇంకా నవ్వారు. ఏ బంతిలో ఎవడి చెయ్యి ఆగినా నేను అక్కడికి పరుగెత్తి ఒక జోకు వడ్డించాను.

"వంట మేస్త్రీ పోరడు మస్తుగున్నడు," అన్నారు.

"కూరెట్లున్నదే?" అని అడిగాను.

"అరె, మస్తున్నదిరా!"

పటేల్ నా వీపు తట్టాడు. ఆయన భార్య కూడా బాగుందంది. రెండు వందల మంది బాగుందన్నారు. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఒక్కణ్నే పశువుల కొట్టం వెనక్కి, ఆకుల కుప్ప దగ్గరికి వెళ్లాను.

పుల్ల కూడా వెతుక్కోలేదు. చేత్తోనే మొదటి ఆకు మడత విప్పాను. కూర. రెండోది విప్పాను. కూర. మూడోదాంట్లో మడత సరిపోక అన్నం కింద పెట్టి కప్పారు. ఎవరో పాపం బూరె కింద దాచారు. ఊరు ఊరంతా నా ముందు నవ్వుతూ, నా కూరను మడతల కింద దాచిపెట్టి వెళ్లింది. నోట్లో కూర ముక్క వేసుకున్నాను. రుచి చూసి చాలాసేపయ్యింది కదా, నాలుక తెరుచుకున్నట్టుంది. ఉప్పు ఎట్లా ఉందంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లన్నీ ఉప్పు వల్లే వచ్చాయని చెప్పను.

బస్సు రావడానికి ఇంకా టైముంది. ఆ సమయంలో నా బుర్రలో పుట్టిన ఆలోచన ఎనిమిది మూడుసార్లు చదివినవాడికి మాత్రమే పుడుతుంది. ఆకుల మీది కూరంతా గీకేయాలనుకున్నాను. గంపలోకి గీకాను, పెంటకుప్పలో పూడ్చాను. ఒక్కో ఆకునూ అరచేత్తో తుడిచి, బాగా తిన్న ఆకు ఎట్లా ఉంటుందో అట్లా వేళ్ల గుర్తులు కూడా పెట్టాను. రెండు వందల ఆకులు. చివరికొచ్చేసరికి నా పని నాకే ముద్దొచ్చింది. మళ్లీ కుప్ప పోసి, చేతులు కడుక్కుని, వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాను.

మామ బస్సు దిగి వచ్చాడు. పటేల్‌ను పలకరించలేదు, నన్ను పలకరించలేదు, నేరుగా కొట్టం వెనక్కి నడిచాడు. వెనకాలే నేను. గొంతుక్కూర్చుని పుల్లతో ఒక ఆకు తిరగేశాడు, ఇంకోటి, ఇంకోటి. పది చూశాక పుల్ల పడేసి నా వైపు తిరిగాడు.

"ఏం కూర జేసినవ్?"

"గుత్తొంకాయ మామా."

"తొడిమలేవి?"

నాకు అర్థం కాలేదు.

"వంకాయ తొడిమలురా. పది ఆకులు సూసిన, ఒక్క తొడిమ లేదు. బీర్కూరోళ్లు తొడిమలు గూడ మింగిండ్రా? అంత మంచిగ వండినవా?"

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. కూరను గీకేటప్పుడు తొడిమలన్నీ దాంతోపాటే పోయాయి. వంకాయ కూర ఎంత ఇష్టపడి తిన్నవాడైనా తొడిమ వదిలేస్తాడు కదా. కూర బాగా లేదని చెప్పే గుర్తులు చెరిపేస్తూ, అసలు తిన్నారని చెప్పే గుర్తే చెరిపేశాను. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు.

మామ తిట్టలేదు. వచ్చి ఒక ఆకు వేసుకుని కూర్చున్నాడు. "పెట్టు" అన్నాడు. గంగాళంలో మిగిలిన కూర పెట్టాను. అన్నంలో కలుపుకున్నాడు. ఒక్క ముద్ద తిని ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. మొత్తం తిన్నాడు, మధ్యలో నీళ్లు తాగకుండా. చేతులు కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని అన్నాడు:

"ఉప్పు నా చేతిల గూడ ఎక్కువైంది, ఒకసారి గాదు. అదేం పెద్ద ముచ్చట గాదు. ఇగో, ఒక్కటి జెయ్యి. ఇంటాయన దగ్గరికి పోయి, కూర ఉప్పైంది పటేలా, ఆకులు నేనే గీకిన అని చెప్పు. నవ్వియ్యకుంట చెప్పు. గంతే. డోంగ్లి నీది."

ఇంతేనా అనుకున్నాను. పటేల్ అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మామ వెనకాలే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. నేను పటేల్ ఎదురుగా నిలబడ్డాను. "పటేలా, కూర ఉప్పైంది..." అన్నాను. ఆయన ముఖం నెమ్మదిగా గంభీరంగా మారబోయింది. ఆ మారడం నేను చూడలేకపోయాను. నా నోరు నాకు తెలియకుండానే, "...సముద్రం జూడాలంటే మీరింక రైలెక్కే పని లేదు," అనేసింది. పటేల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మామ నవ్వలేదు. "మల్ల చెప్పు," అన్నాడు. రెండోసారి ఆకుల సంగతి ఎత్తుకున్నాను, అది కూడా జోకై కూర్చుంది. మూడోసారి నోరు తెరిస్తే పటేల్ ముందే నవ్వడం మొదలుపెట్టాడు.

మామ లేచి చెప్పులు వేసుకున్నాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు కానీ బాన్సువాడ దాకా కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ పోయాడు. దిగేటప్పుడు ఒక్క మాట అన్నాడు: "నిన్ను నువ్వు ముందుగాల్నే తిట్టుకుంటవ్, ఇంకెవ్వడు తిట్టకుంట. గట్లయితే వంటెప్పుడు నేర్చుకుంటవ్ రా?"

డోంగ్లి లగ్గం మామే వండాడు. నేనక్కడ ఉల్లిగడ్డలు కోశాను. అక్కడి చుట్టాల్లో సగంమంది మరాఠీ మాట్లాడేవాళ్లు, నా జోకులు వాళ్లకు ఎక్కలేదు. ఎక్కినా వేసే ఓపిక లేదు. మామ నన్ను ఏడాదిపాటు పొయ్యి ముట్టనియ్యకుండా ఆకుల కుప్ప దగ్గరే కూర్చోబెట్టాడు. చూసిందే చెప్పాలి, వినసొంపుగా చెప్పకూడదు. ఆ ఏడాది నేర్చుకున్నదే నా వంటంతా. తర్వాత మేస్త్రీనయ్యాను, మా నాయిన నన్ను సాయిలు అన్నాడు, పెళ్లయింది, స్వరూప పుట్టింది. కానీ బీర్కూర్ సంగతి నవ్వించకుండా ఎవరికీ చెప్పలేదు. మామకు కూడా. ఆయన ఉన్నన్నాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

మామ దినాల రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించాను. మటన్ వేరేవాళ్లకు అప్పజెప్పి గుత్తొంకాయ నేనే పెట్టుకున్నాను. ఉప్పు ఒక్కసారే చూశాను. ఇంకోసారి చూడాలని చెయ్యి పదిసార్లు లేచింది, పదిసార్లూ నా మణికట్టు నేనే పట్టుకున్నాను. వడ్డించేటప్పుడు నోరు మూసుకున్నాను. చుట్టాలు వింతగా చూశారు. "సాయిలన్నా, పాణం బాగలేదా?" అని ఒకరిద్దరు అడిగారు కూడా. కూర తింటున్నవాళ్ల ముఖాల వైపు చూడకుండా, చేతుల వైపే చూస్తూ తిరిగాను. ఎవరి చెయ్యీ ఆగలేదు. ఆగలేదని నాకు అనిపించింది. అనిపించడానికీ ఉండటానికీ మధ్య ఎంత దూరముందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

భోజనాలయ్యాక, కాళ్లు వాటంతట అవే ఇంటి వెనక్కి నడిచాయి. ఆకుల కుప్ప లేదు. నీలం రంగు డ్రమ్ము ఉంది. ఇప్పుడు కాగితం పళ్లేలు, అందరూ నిలబడి తింటారు, తిన్నాక ముడిచి డ్రమ్ములో పడేస్తారు. మంచినీళ్ల గ్లాసులు, చేతులు తుడుచుకున్న కాగితాలు, మిఠాయి, పెరుగు, కూర అన్నీ ఒకటే ముద్ద. వంగి లోపలికి చూశాను. చెయ్యి పెట్టి ఒక పళ్లెం తీసి విప్పబోయాను, అది చేతిలోనే నానిపోయి చిరిగింది.

"బాపూ! డ్రమ్ముల ఏం దేవులాడుతున్నవ్? అందరు సూస్తున్నరు!" అని స్వరూప వచ్చి నా మోచెయ్యి పట్టి లాగింది.

పక్కనున్న రాయి మీద కూర్చున్నాను. ఇప్పటివాళ్లు దాచిపెట్టరు. నచ్చకపోతే పారేస్తారు, ఇంటికెళ్లి పూవు బొమ్మ వెనక కూర్చుని రెండు చుక్కలు ఇస్తారు. అది తప్పని అనను. మడతల కాలంలో ఊరు నా ముందు అబద్ధమాడింది, ఈ కాలం నిజమే చెబుతోంది. కానీ మడత కింద దాచినవాడు నన్ను చూసి దాచాడు. నేను నొచ్చుకుంటానని వాడికి తెలుసు. చుక్కలిచ్చినవాడికి నేను ఉన్నట్టే తెలియదు. ఏది మంచి కాలమో తేల్చే చదువు నాకు లేదు. రెండు కాలాల్లోనూ వణికినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే.

చుట్టాలంతా వెళ్లాక పోశవ్వ అత్త వంటింటి గడప దగ్గర ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది. నేను వెళ్లి ఎదురుగా కింద కూర్చున్నాను. నోటి చివర ఒక జోకు వచ్చి నిలబడింది, దాన్ని మింగాను.

"అత్తా, అప్పుడు బీర్కూర్ల కూర ఉప్పైంది. ఆకులు నేనే గీకిన. పటేల్‌కు చెప్పమంటే చెప్పలే. మామకు గూడ చెప్పలే," అన్నాను.

అత్త నవ్వలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. "ఊఁ," అంది. ఇన్నేళ్లుగా నేను భయపడ్డదంతా ఆ ఒక్క ఊఁ. నా గుండె మీది బరువు దిగిందో, ఇంకా ఉందో పోల్చుకోలేకపోయాను. కానీ ఆగలేక, అసలు ఫికర్ ఏదో అదే అడిగేశాను.

"ఇయ్యాల కూర తింటే మామ ఏమనేటోడో అత్తా?"

ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ పళ్లెంలో మిగిలిన ఆఖరి ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండానే అంది:

"సచ్చినాయన ఏమంటడో అడుగుతున్నవ్. తింటున్నది నేను గదరా. నా మసాలతోటి నలభై ఏండ్ల సంది వండుతున్నరు మామ అల్లుండ్లు, ఎట్లున్నదని నన్నొక్కనాడన్న అడిగిండ్రా?"